పన్నెండు ఎలుకల అజ్ఞానం

డిసెంబరు ఇరవై ఏడో తేదీ మధ్యాహ్నం మూడు గంటలకు సుభాషిణి బల్ల మీదికి ఒక కాగితం వచ్చింది. దాని మీద ఉన్నది ఒక్కటే వాక్యం.

"ఏమీ నేర్చుకోలేదని తమరు పేర్కొన్న పన్నెండు ఎలుకలు నిజముగా ఏమీ నేర్చుకోలేదనుటకు ఫైలునందు ఆధారము కనబడలేదు."

కింద నాణ్యతా తనిఖీ బృందం వారి ముద్ర. ఆ బృందం నగరం చివరనున్న ఈ మూషిక మస్తిష్క పరిశోధన సంస్థకి రెండు రోజుల పర్యటన మీద వచ్చింది. మొదటి రోజు చార్మినార్ చూసింది, రెండో రోజు ఫైళ్ళు చూసింది, మూడో రోజు రైలెక్కింది. వెళ్తూ వెళ్తూ వదిలిన వాక్యం ఇది.

సుభాషిణి నవ్వుకుని కాగితాన్ని పక్కన పెట్టేసింది. ఆ నవ్వు ఖరీదు మూడు నెలలని అప్పటికి ఆమెకి తెలియదు.

కడియాల సుభాషిణికి ముప్పై ఒక్క ఏళ్ళు. సొంత ఊరు రేపల్లె. నాలుగేళ్ళుగా ఆమె వెంటాడుతున్నది ఒక్కటే ప్రశ్న: ఎలుక ఏదైనా కొత్తగా నేర్చుకున్నప్పుడు దాని మెదడులో కొత్తగా పుట్టేది ఏమిటి?

దానికో పద్ధతి ఉంది. మెదడు కణాలు ఏ పని చేయాలన్నా ముందు చిన్న చిన్న సందేశాలు రాసుకుంటాయి. అవి మహా సున్నితం, ఊరికే పాడైపోతాయి. అందుకని వాటికి గట్టి నకళ్ళు తీస్తారు. ఆ నకళ్ళ పేరే సి-డీఎన్ఏ. పాఠం నేర్చిన ఎలుకల మెదడు నుంచి కొన్ని నకళ్ళు, ఏమీ నేర్వని ఎలుకల మెదడు నుంచి వాటికి పదింతల నకళ్ళు తీసి రెండింటినీ కలుపుతారు. రెండు వైపులా ఉన్నవి ఒకదాన్నొకటి వెతుక్కుని జతకడతాయి. జతపడినవాటిని తీసి పారేస్తారు. జత దొరకక ఒంటరిగా మిగిలినవి నేర్చిన మెదడులో మాత్రమే ఉన్నవన్నమాట. వాటిని బాక్టీరియాలోకి ఎక్కించి దాచుకుంటే అదే వ్యవకలనం చేసిన లైబ్రరీ.

నేర్చిన ఎలుకల పని అయిపోయింది. వాటి మెదళ్ళు మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్లో, మూడో అరలో, పన్నెండు బుల్లి గొట్టాల్లో ఉన్నాయి. ఇక కావలసింది ఏమీ నేర్వని పన్నెండు ఎలుకలు. ఫెలోషిప్ మార్చి ముప్పై ఒకటితో ముగుస్తుంది. ఏప్రిల్ ఒకటిన ఆ అర ఇంకొకరిది. అందులో ఉన్నవన్నీ చెత్తబుట్టలోకి. ఆమె నాలుగేళ్ళు కూడా.

జనవరి మూడో తేదీన, శుక్రవారం, ఆ ఒక్క వాక్యానికి జవాబు చెప్పడం కోసం ఒక సంఘం ఏర్పడింది. దాని పేరు అనభ్యస్త మూషిక స్థితి నిర్ధారణ సంఘం. పేరు పలకడానికి ఊపిరి చాలక ప్రాంగణంలో అందరూ దాన్ని అజ్ఞానం కమిటీ అన్నారు.

అధ్యక్షులు డిప్యూటీ రిజిస్ట్రారు కోరాడ సదాశివరావుగారు. ఆయన ఇంట్లో ఎలా మాట్లాడతారో ఎవరికీ తెలియదుగానీ ఆఫీసులో మాత్రం ఫైలు నోరు విప్పినట్టే మాట్లాడతారు. సభ్యులు ఐదుగురు. అందులో ఇద్దరు ఎలుకంటే భయపడేవాళ్ళు, ఇద్దరు ఎప్పుడూ సెలవులో ఉండేవాళ్ళు. ఐదో ఆయన ఇంజనీరింగు విభాగం నుంచి వచ్చిన హనుమంతాచారిగారు. పంపులు, ట్యాంకులు చూసే మనిషి.

ఆ రోజే జరిగిన మొదటి సమావేశంలో మొదటి అంశం: వ్యవకలనం అనగా ఏమి?

సుభాషిణి తెల్లబోర్డు జోలికి పోలేదు. "ఒక ఇంట్లో అక్క పెళ్ళి ఆల్బమూ చెల్లెలి పెళ్ళి ఆల్బమూ పక్కపక్కన పెట్టుకున్నారనుకోండి సార్," అంది. "రెండింట్లోనూ ఉన్న మొహాలు కొట్టేస్తూ పోండి. మేనమామలు పోతారు, పిన్నులు పోతారు, వంటవాళ్ళు పోతారు. చివరికి చెల్లెలి ఆల్బంలో మాత్రమే ఉన్నవాళ్ళు మిగులుతారు. కొత్త అల్లుడూ అతని తరఫు మనుషులూ. నాకు కావలసింది ఆ కొత్త మొహాలే."

"అక్క ఆల్బంలో ఆ కొత్త అల్లుడు ముందే దిగి ఉంటే?" అన్నారు హనుమంతాచారి.

ఆయన వైపు ఆమె కొంచెం ఆశ్చర్యంగా చూసింది. సరిగ్గా అడగాల్సిన ప్రశ్న. అప్పుడు అతన్నీ కొట్టేస్తామనీ, మనకేం మిగలదనీ, అందుకే అక్క వైపు ఎలుకలు ఏమీ నేర్చుకుని ఉండకూడదనీ చెప్పింది.

"అత్యంత స్పష్టముగా ఉన్నది," అన్నారు సదాశివరావు. మిర్చిబజ్జీలు వచ్చాయి. గంటలో తీర్మానం కూడా వచ్చింది. ఎలుకలకు పరీక్ష పెట్టాలి. అవి ఏమీ నేర్చుకోలేదని పరీక్షలో రుజువైతేనే వాటిని వాడాలి.

పరీక్ష ఏమిటో వెతుక్కునే పని లేకపోయింది. సుభాషిణి తన ఎలుకలకి నేర్పిన పాఠమే పరీక్ష అయింది. గుండ్రటి తొట్టి. పాలపొడి కలిపిన నీళ్ళు. నీటి అడుగున అరంగుళం లోతులో కంటికి కనబడని చిన్న పీట. ఎలుకని నీళ్ళలో వదిలితే మొదట అటూ ఇటూ ఈదుతుంది, తడుముకుంటూ తడుముకుంటూ ఎప్పుడో పీటెక్కుతుంది. నాలుగైదు సార్లకి గోడ మీద బొమ్మలు గుర్తుపెట్టుకుని తిన్నగా పీట దగ్గరికే పోతుంది. అదే నేర్చుకోవడం.

ఒక్కసారి పరీక్షిస్తే యాదృచ్ఛికం అనవచ్చునని, మూడు పరీక్షలు ఉండాలని, ఒక్కో పరీక్షలో నాలుగు అవకాశాలు ఇవ్వాలని, మూడింటిలోనూ పీట కనుక్కోలేకపోయిన ఎలుకకే ఉత్తీర్ణతా పత్రం ఇవ్వాలని తొమ్మిదో నిబంధన తయారైంది.

ఆ నిబంధన ప్రతి పట్టుకుని సుభాషిణి జంతుశాలకి వెళ్ళింది. అక్కడ ఎలుకల బాగోగులు చూసే పోశెట్టి ఆర్మూరు మనిషి. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు. ఎలుక తోక పట్టుకుని ఎత్తగానే దాని వయసు చెప్పేస్తాడు. ఆమె చదివి వినిపించిందంతా విని, బీడీ కోసం జేబు తడుముకుని, జంతుశాల అని గుర్తొచ్చి మానేశాడు.

"పరీక్ష వెట్టుడంటెనే పాఠం జెప్పుడు గద మేడం," అన్నాడు.

ఇరవై ఎనిమిదేళ్ళలో ఈ సంస్థలో ఎవరూ ఇంత చిన్న వాక్యంలో ఇంత పెద్ద విషయం చెప్పి ఉండరు. సుభాషిణి దాన్నే రెండు పేజీల అభ్యంతరంగా రాసి సంఘానికి పంపింది. అభ్యంతరాన్ని సంఘం పరిగణనలోకి తీసుకుంది. పరిగణనలోకి తీసుకున్నది మళ్ళీ బయటికి రాలేదు.

మొదటి పరీక్షలో పన్నెండు ఎలుకలూ తొట్టిలో తెల్లమొహం వేశాయి. సంఘం హర్షం వెలిబుచ్చింది. రెండో పరీక్షలో ఐదు ఎలుకలు పీటెక్కాయి. సంఘం ఆందోళన వెలిబుచ్చింది. మూడో పరీక్షలో పదకొండు ఎలుకలు నీళ్ళలో పడీ పడగానే బాణాల్లా వెళ్ళి పీటెక్కి కూర్చుని ఒళ్ళు దులుపుకున్నాయి.

అజ్ఞానంలో పదకొండు ఫెయిల్, ఒకటి పాస్.

ఆ పాసైంది ఏడో నంబరు. దానిది వేరే తీరు. నీళ్ళలో వదిలితే ఈదదు, వెతకదు, కంగారుపడదు. నాలుగు కాళ్ళూ చాపుకుని తేలుతూ, ఎవరో ఒకరు వచ్చి తీస్తారులే అన్నట్టు కళ్ళు మూసుకుంటుంది. పోశెట్టి దానికి దొర అని పేరు పెట్టాడు. మూడు పరీక్షల్లోనూ దొరదే ప్రథమ శ్రేణి.

సంఘం దొరతో ఫోటో దిగింది. ఆదర్శ మూషికంగా ప్రకటించింది. అంతటితో ఆగినా బాగుండేది. సదరు ఏడో నంబరు ఎలుక సాధించగలిగినదాన్ని తక్కిన ఎలుకలు ఎందుకు సాధించలేవని అధ్యక్షులు ప్రశ్నించారు. దొరని వాటి మధ్య ఉంచి, నేర్చుకోకుండా ఉండడం ఎలాగో వాటికి నేర్పే శిబిరం ఒకటి నిర్వహించాలన్నారు. నేర్చుకోకపోవడం నేర్చుకున్నా అది నేర్చుకోవడమే అవుతుందని సుభాషిణి ఎంత మెల్లగా చెప్పాలో అంత మెల్లగా చెప్పింది. ఆ మాటలోని సూక్ష్మాన్ని సంఘం అభినందించింది. శిబిరం వారం రోజులు జరిగింది. ఎలుకలు దొరని పక్కకి తోసి దాని గింజలు కూడా తిన్నాయి.

రెండో విడత పన్నెండు ఎలుకలు. మూడో పరీక్షలో పన్నెండూ ఫెయిల్.

మూడో విడత పన్నెండు. పదకొండు ఫెయిల్. మిగిలిన ఒక్కటీ పాసైంది గానీ, దానికి చూపు లేదని పోశెట్టి తేల్చాడు.

ఫిబ్రవరి వెళ్ళిపోయింది. ప్రతి శుక్రవారం సమావేశం. ప్రతి సమావేశంలో మొదటి అంశం అదే. వ్యవకలనం అనగా ఏమి? సుభాషిణి అక్క ఆల్బం, చెల్లెలి ఆల్బం అప్పజెప్పేది. అత్యంత స్పష్టముగా ఉన్నదని అధ్యక్షులు అనేవారు. ఆ ఇద్దరు అక్కచెల్లెళ్ళకీ ఆమె ఎన్ని శుక్రవారాలు పెళ్ళిళ్ళు చేసిందో లెక్క మరిచిపోయింది. హనుమంతాచారి మాత్రం ప్రతిసారీ ముందుకు వంగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, మొదటిసారి వింటున్నట్టే వినేవారు.

మూడు విడతల ఎలుకలూ ఒకే విధంగా ఫెయిల్ కావడం సదాశివరావుగారికి అనుమానం కలిగించింది. ఆయన దృష్టిలో దానికి ఒకటే అర్థం. ప్రశ్నపత్రం లీకైంది.

అనుమానం జంతుశాల మీదికి పోయింది. పోశెట్టికి మెమో వచ్చింది. ఇరవై ఎనిమిది సంవత్సరములుగా ఎలుకలతో అత్యంత సన్నిహితముగా మెలుగుచున్న మీరు, పరీక్షార్థులైన సదరు ఎలుకలకు పీట ఉన్న స్థలమును ముందుగా తెలియజేసి, ఈతయందు తర్ఫీదు ఇచ్చి ఉండలేదని ఏల భావించవలెనో మూడు దినములలో తెలుపుడు.

సుభాషిణి తలపట్టుకుంది. తన కోసం వచ్చిన గొడవ పోయి పోయి మేలో రిటైరయ్యే మనిషి మెడకి చుట్టుకుంది. జవాబు తాను రాస్తానంది. పోశెట్టి ఒప్పుకోలేదు. ఎలుకల గింజల రిజిస్టరులోంచి ఒక కాగితం చింపి, సొంత చేతిరాతతో ఒక్క వాక్యం రాశాడు.

"నాకు ఈత రాదు."

సంఘం ఆ జవాబుని అరగంట చర్చించింది. ఈత రానివాడు ఈత నేర్పజాలడని, కావున వివరణ సాంకేతికంగా సంతృప్తికరమని హనుమంతాచారి వాదించారు. మెమో రద్దయింది.

మరి ఎలుకలకి ఎవరు నేర్పుతున్నట్టు? అధ్యక్షులు ఒక వారం ఆలోచించి పద్నాలుగో నిబంధన తయారు చేశారు. దాని ప్రకారం తప్పు వాతావరణానిది. పరిశోధన సంస్థ అన్నాక నలువైపులా ఎవరో ఒకరు ఏదో ఒకటి నేర్చుకుంటూనే ఉంటారు, ఆ గాలి ఎలుకలకి సోకుతోంది. ఏ విధమైన అభ్యాసమూ జరగని చోటును గుర్తించి, దానిని శూన్యాభ్యాస ప్రాంగణంగా ధ్రువీకరించి, ఎలుకలను అక్కడ ఉంచాలి. అట్టి ప్రాంగణంలో ఉన్న ఎలుకలకు పరీక్ష నుంచి మినహాయింపు.

మినహాయింపు అన్న మాట దగ్గర సుభాషిణి చూపు ఆగిపోయింది. ఆమె దాన్ని మూడుసార్లు చదివింది.

సర్క్యులర్ అన్ని విభాగాలకీ వెళ్ళింది. మీ విభాగమునందు గత రెండు మాసములలో ఎవరును ఏమియు నేర్చుకొనలేదని ధ్రువీకరించగలరా? విభాగాలు భగ్గుమన్నాయి. క్యాంటీను మేస్త్రి తాను ఈమధ్యే నూడుల్స్ నేర్చుకున్నానని రాతపూర్వకంగా నిరసన తెలిపాడు. సెక్యూరిటీవాళ్ళు సంస్కృతం క్లాసులకి వెళ్తున్నామన్నారు. డైరెక్టరుగారి పేషీ నుంచి, వారు నిత్య విద్యార్థి అని, ఇట్టి ప్రశ్న వారిని అడగడమే అనుచితమని జవాబు వచ్చింది. వరండాలో 'రోజుకో కొత్త మాట' అని బోర్డు నడిపే భాషా విభాగం అందరికన్నా గట్టిగా కోప్పడింది. ఆ బోర్డు మీద 'పురోగతి' అన్న మాట రెండున్నరేళ్ళుగా ఉంది.

మార్చి పది. సోమవారం. ఇరవై ఒక్క రోజులే మిగిలాయి.

సుభాషిణి జంతుశాలలో స్టూలు మీద కూర్చుని బోనుల వైపు చూస్తోంది. పోశెట్టి బోనుల్లో కొత్త పరుపు వేస్తున్నాడు. పరుపంటే ఆఫీసు నుంచి వచ్చే పనికిరాని కాగితాలు, మరలో వేసి సన్నగా చీల్చినవి. ఎలుకలు వాటితో గూళ్ళు కట్టుకుంటాయి.

"గీ కమిటీ కాయితాలు ఎలుకలు గూడ ముట్టుకుంటలెవ్వు మేడం," అన్నాడు పోశెట్టి. "పోయిన వారం గివే, ముందటి వారం గివే. వాటిక్కూడ ఇసుగొచ్చింది."

ఆమె ఒక పీలిక తీసి చూసింది. 'అధ్యక్షులు అత్యంత స్పష్టముగా ఉన్నదని అభిప్రాయపడిరి.' పక్క బోనులోంచి ఇంకో పీలిక తీసింది. 'అధ్యక్షులు అత్యంత స్పష్టముగా ఉన్నదని అభిప్రాయపడిరి.' ఒకటి జనవరిది. ఒకటి మార్చిది.

రెండు పీలికల్ని రెండు చేతుల్లో పట్టుకుని ఆమె అలాగే ఉండిపోయింది. రెండు పోగులు ఒకదాన్నొకటి వెతుక్కుని జతకట్టాయి.

"పోశెట్టన్నా," అంది మెల్లగా, "కత్తెర ఉందా?"

మార్చి పద్నాలుగు. పదకొండో సమావేశం.

వ్యవకలనం అనగా ఏమో వివరించడం అయ్యాక సుభాషిణి కూర్చోలేదు. శూన్యాభ్యాస ప్రాంగణం దొరికిందంది. ఈ సమావేశ మందిరమే అది అంది.

సభ్యులంతా అధ్యక్షుల వైపు చూశారు.

"ఇది సంఘమును ఉద్దేశించి చేసిన వ్యాఖ్యగా భావించవలెనా?" అన్నారు సదాశివరావు.

"కాదు సార్. సంఘం స్థిరత్వాన్ని శాస్త్రీయంగా రుజువు చేసే అవకాశం. దేశంలో ఇంతవరకు ఏ సంస్థకీ ఇలాంటి ధ్రువపత్రం లేదు. మొదటిది మనదే అవుతుంది."

దేశంలో, మొదటిది. ఈ రెండు మాటలూ అధ్యక్షుల ముఖం మీద వెలుతురులా పడ్డాయి. సంఘం యొక్క స్థిరత్వము రుజువగుట హర్షణీయమేనని, అయితే విధానమేమని ఆయన అడిగారు.

సుభాషిణి మొదటి సమావేశపు మినిట్స్ నకలూ, అప్పటికే టైపై సంతకానికి సిద్ధంగా ఉన్న ఆనాటి మినిట్స్ నకలూ బల్ల మీద పెట్టింది. సమావేశం ముగియకముందే మినిట్స్ టైపు చేయడం అక్కడి రివాజు, కాలం కలిసొస్తుందని. ఒక్కో సభ్యుడికి ఒక్కో కత్తెర ఇచ్చింది. ప్రతి వాక్యాన్నీ విడిగా కత్తిరించండి, ఒకేలా ఉన్న వాక్యాల్ని జతచేసి ఈ బుట్టలో వేయండి, మిగిలినవి బల్ల మీద ఉంచండి అంది.

పదకొండు వారాల్లో మొదటిసారి సంఘం ఒక పని చేసింది. సభ్యులు చొక్కా చేతులు మడిచారు. ఎలుకంటే భయపడే ఇద్దరూ వాక్యాలకి జతలు వెతకడంలో పోటీపడ్డారు. హనుమంతాచారి కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, "ఇదా వ్యవకలనమంటే? ఇప్పుడు తెలిసిందమ్మా, ఇప్పుడు తెలిసింది," అని గొణుక్కున్నారు. నలభై రెండు వాక్యాల్లో నలభై జతపడి బుట్టలోకి వెళ్ళాయి.

బల్ల మీద రెండేసి వాక్యాలు మిగిలాయి. ఒకటి తేదీ. రెండోది, మొదటి సమావేశంలో సభ్యులకు మిర్చిబజ్జీ, పదకొండో సమావేశంలో సమోసా అందజేయబడెను.

ఎలుకంటే భయపడే ఇద్దరిలో ఒకాయన కత్తెర దించి అభ్యంతరం చెప్పారు. నాలుగో సమావేశంలో బజ్జీ తిన్నాక అధ్యక్షులవారికి కడుపులో మంట వచ్చిందని, ఆ తరువాతే సమోసా మొదలైందని, అనుభవం నుంచి గ్రహించి మార్చుకుంటే అది నేర్చుకోవడం కిందికే వస్తుందని ఆయన వాదం. నాలుగేళ్ళ పరిశోధన ఒక బజ్జీ మీద ఆగింది. చర్చ ఇరవై నిమిషాలు నడిచింది. చివరికి అధ్యక్షులు రూలింగిచ్చారు. బజ్జీ స్థానే సమోసా వచ్చినది క్యాంటీను మేస్త్రి నిర్ణయముచేతనే గాని సంఘం యొక్క ఏ విధమైన ఆలోచనచేతను కాదు.

ధ్రువపత్రం మంజూరైంది. కింద ఒక షరతు. ఎలుకలు ఒక పూర్తి సమావేశ కాలం మందిరంలో ఉండాలి, ఆ సమావేశంలో సంఘం ఏదైనా నేర్చుకున్నట్టు మినిట్సులో కనబడితే ధ్రువపత్రం రద్దు, ఎలుకలకు తిరిగి పరీక్ష.

ఆ సాయంత్రమే, నేర్చిన ఎలుకల ఈడువే అయిన కొత్త ఎలుకలు పన్నెండింటిని పోశెట్టి సమావేశ మందిరంలో కిటికీ పక్క బల్ల మీదికి చేర్చాడు. తలుపు దగ్గరికి వచ్చాక ఆగాడు.

"ఒక్క మాట మేడం. పదకొండు వారాలు ఏం నేర్వలే, కరెక్టే. కని ఇయ్యాల కత్తెర వట్టి నేర్చుకున్నరు గద. మీరే నేర్పితిరి."

అది నిజం. ఎలుకలకి సదాశివరావు చేసిన పనే సదాశివరావుకి తాను చేసింది. పరీక్ష పెట్టింది.

ఆ వారమంతా ఆమెకి అన్నం సహించలేదు. శుక్రవారం రానే వచ్చింది. మందిరం వైపు నడుస్తుంటే మెట్ల దగ్గర హనుమంతాచారి ఎదురయ్యారు. ఆయన చంకలో రెండు లావుపాటి ఆల్బములు. చొక్కా జేబులోంచి కత్తెర తొంగి చూస్తోంది.

"అమ్మా, మా పెద్దదాని పెళ్ళీ చిన్నదాని పెళ్ళీ. మా ఆవిడా నేనూ ఆదివారమంతా కూర్చుని కొట్టేశాం. అల్లుళ్ళనీ వాళ్ళ తరఫువాళ్ళనీ గుర్తుపట్టి పక్కన పెడితే చివరికి ఒక్క మొహం మిగిలింది. అతనెవరో ఇటువాళ్ళకీ తెలియదు, అటువాళ్ళకీ తెలియదు. మూడు పంక్తుల్లోనూ భోంచేశాడు," అన్నారు చిన్నపిల్లాడిలా వెలిగిపోతూ. "ఇవాళ సంఘంలో నేను చెబుతానమ్మా. మీకు ఆ శ్రమ ఎందుకు ప్రతి వారమూ."

సుభాషిణికి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. పన్నెండు వారాల్లో ఒక్కడు, ఒకే ఒక్కడు అర్థం చేసుకున్నాడు. అతనివల్లే తన పరిశోధన మునిగిపోబోతోంది. చెప్పొద్దని అడగడానికి నోరు రాలేదు. ఆయన మొహం చూసి ఆ మాట ఎవరూ అనలేరు.

పన్నెండో సమావేశం మొదలైంది. కిటికీ పక్కన పన్నెండు ఎలుకలు కాగితాల గూళ్ళలో ముడుచుకుని ఉన్నాయి.

"గత సమావేశపు మినిట్సు," అన్నారు సదాశివరావు, "చదివినట్లుగా భావించి ఆమోదించడమైనది."

ఎవరూ చదవలేదు. ఎప్పుడూ ఎవరూ చదవలేదు. చదివినట్టు భావించడం ఆ సంఘపు ఆచారం. ముందే టైపైన ఆ మినిట్సులోకి ఎక్కని కత్తెరలు, బుట్ట, నలభై జతలు, అన్నీ ఆ ఒక్క భావనలో కలిసిపోయాయి.

"మొదటి అంశం. వ్యవకలనం అనగా ఏమి?"

హనుమంతాచారి చెయ్యి లేచింది.

అధ్యక్షులు కళ్ళజోడు పైనుంచి ఆ చేతిని చూశారు.

"సభ్యులు మాట్లాడవలసినది పదవ అంశమైన ఇతర విషయముల కింద మాత్రమే. మొదటి అంశం కింద పరిశోధకురాలు వివరించుట ఆనవాయితీ."

చెయ్యి అలాగే ఉంది. సుభాషిణి లేచి, పన్నెండోసారి అక్కకి పెళ్ళి చేసింది, చెల్లెలికి పెళ్ళి చేసింది, మేనమామల్ని కొట్టేసింది. ఆమె చెప్తున్నంతసేపూ హనుమంతాచారి పెదవులు ఆమె మాటలతోపాటే కదులుతున్నాయి. రెండో అంశం గడిచింది, మూడోది గడిచింది. ఎనిమిదో అంశం దగ్గర ఆయన చెయ్యి మార్చుకున్నారు. తొమ్మిదో అంశం మధ్యలో సమోసాలు వచ్చాయి. పదో అంశానికి సమయం లేకపోయింది. పన్నెండు వారాల్లో ఎన్నడూ దానికి సమయం మిగలలేదు.

"వివరణ అత్యంత స్పష్టముగా ఉన్నది," అన్నారు సదాశివరావు, లేస్తూ.

మర్నాడు పొద్దున్నే పన్నెండు ఎలుకల్నీ నొప్పి తెలియకుండా నిద్రపుచ్చారు. బోను మూతలు తీసి పోశెట్టి ఒక నిమిషం ఊరికే నిలబడ్డాడు. ఎప్పుడూ అలాగే నిలబడతాడు. ఆ తరువాత తొమ్మిది రోజులు సుభాషిణి బల్ల దగ్గర నుంచి కదల్లేదు. సందేశాలు, నకళ్ళు, కలపడం, జతపడినవి తీసెయ్యడం. మార్చి ముప్పై ఒకటి ఉదయం పది గంటలకు ఇంక్యుబేటరు తలుపు తీసింది.

గాజుపళ్ళేల మీద ఆవగింజలంత తెల్లటి బాక్టీరియా చుక్కలు. లెక్కపెడితే అరవై ఒకటి. రెండు వైపులా జత దొరకని అరవై ఒక్క కొత్త మొహాలు. ఆమె కళ్ళు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టింది. అరవై ఒకటే.

మధ్యాహ్నానికి వాటిని కొత్త గొట్టాల్లో భద్రపరిచి, మూడో అర తుడిచి ఖాళీ చేసి ఇచ్చేసింది.

సమావేశ మందిరంలో ధ్రువపత్రానికి అద్దం కట్టించి అధ్యక్షుల కుర్చీ వెనక తగిలించారు. ఈ ప్రాంగణమునందు ఏమియు నేర్చుకొనబడుట లేదని శాస్త్రీయముగా ధ్రువీకరించడమైనది. చూసి వెళ్ళడానికి పక్క రాష్ట్రం నుంచి రెండు సంస్థలవాళ్ళు వచ్చారట. ఎలా సాధించారని అడిగితే సమష్టి కృషి అన్నారట సదాశివరావుగారు.

బల్ల సర్దుకుంటూ ఉండగా సుభాషిణికి పన్నెండో సమావేశపు మినిట్స్ నకలు దొరికింది. వేళ్ళు ఊరుకోలేదు. పదకొండో వారందీ పన్నెండో వారందీ పక్కపక్కన పెట్టి, కత్తెర తీసి, వాక్యానికి వాక్యం జతచేసి బుట్టలో వేసింది. రెండు వారాలూ సమోసాయే కాబట్టి అదీ పోయింది. తేదీ మిగిలింది. దాంతోపాటు, మందిరంలో మూల కూర్చుని టైపు చేసేవాడు చూసింది చూసినట్టు చివర్లో చేర్చిన ఒక్క వాక్యం, ఏ వారంలోనూ జత లేనిది, బల్ల మీద ఒంటరిగా మిగిలింది.

'సభ్యులు శ్రీ హనుమంతాచారి చెయ్యి ఎత్తి, సమయాభావము వలన దించిరి.'

ఆమె దాన్ని బుట్టలో వేయలేదు. నోటుపుస్తకం తెరిచి, అరవై ఒకటో నంబరు కింద, అరవై రెండు అని వేసి, జాగ్రత్తగా అతికించుకుంది.